బొడిపెల టైర్ల సైకిలు

వజ్రకరూరు,
24-6-2002.

పూజ్యులైన చిన్నాయనకు జ్యోతిలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ వాన తప్ప అన్నీ బాగున్నాయి, నాతో సహా. అక్కడ నువ్వూ, చిన్నమ్మా, మన సైకిలంగడీ కుశలమని తలుస్తాను.

నన్ను దాసప్ప కొట్టాల బడికి వేసినారు. ఇక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు తారు రోడ్డు. ఆపైన గుట్ట మీదుగా మూడు కిలోమీటర్లు రాళ్ళదావ. బడి తొమ్మిదిన్నరకు తెరవాలి. ఆ గుట్ట వైపు పోయే ఒకే ఒక్క బస్సు పదకొండుకు వస్తుంది. నాకంటే ముందు వచ్చిన ముగ్గురు అయ్యవార్లు ఒకరి వెనక ఒకరు పైరవీ చేసుకొని వెళ్ళిపోయినారు. ఇరవై ముగ్గురు పిల్లలు గొర్రెల వెంట తిరుగుతున్నారు.

మండల విద్యాధికారి నన్ను పిలిచి, "ఆగస్టు ఆఖరులోపల ఒక దినం చెప్పకుండా వస్తా. తొమ్మిదిన్నరకు తలుపుకు తాళం కనపడితే, ఇంక ఈ బడి వద్దని పైకి రాసేస్తా" అన్నాడు. "మూయనీయను సార్" అని చెప్పి వచ్చేసినాను. బయటికొచ్చినాక, రోజూ ఎట్లా పోవాలా అని ఆలోచించినాను.

నాకు కొండసైకిలు కావాలి. లావు టైర్లు, గేర్లు ఉండేది. మూడు వేలు దాటకూడదు. ధర్మవరంలో ముప్పై ఏండ్లుగా సైకిళ్ళు అమ్ముతున్న చిన్నాయన ఉండగా ఇంకెవరిని అడగాలి?

ఇట్లు,
జ్యోతిలక్ష్మి.

తా.క.: లేడీస్ సైకిలు కొనుక్కోమని మాత్రం రాయొద్దు.


ధర్మవరం,
29-6-2002.

చి. జ్యోతిలక్ష్మికి చిన్నాయన శ్రీరంగప్ప ఆశీర్వదించి రాసేది. నీ జాబు చేరింది. లేడీస్ సైకిలు కొనుక్కో.

ఆ గేర్ల సైకిలు సైకిలు కాదు, గడియారం. ఒకటి తిరిగితే ఇంకోటి నిలిచిపోతాది. పద్దెనిమిది గేర్లంట. మనిషికుండేది రెండు కాళ్ళు. పోయిన నెల ఒక కాలేజీ పిల్లోడు కొనుక్కోని పోయి, మూడో దినానికే గొలుసు చేతిలో పట్టుకోనొచ్చినాడు. అదీగాక నడుమ బారుంటాది. చీర కట్టుకోని ఆ బారు మీద కాలెట్ల ఎత్తుతావు? ఊరంతా నవ్వుతారు.

లేడీస్ సైకిలుకు బుట్టుంటాది, చైనుకవరుంటాది, మర్యాదుంటాది. పద్దెనిమిది నూర్లకిస్తా.

ఇట్లు నీ మేలు కోరే,
శ్రీరంగప్ప.

తా.క.: పెండ్లి చేసుకుంటే మొగుడే మోటారుసైకిలు మీద దింపుతాడు కదా అంటాండాది మీ చిన్నమ్మ నల్లమ్మ. మాట ఆమెది. నేను రాసినంతే.


వజ్రకరూరు,
4-7-2002.

చిన్నాయనకు నమస్కారాలు.

నీ మాట తీసేయకూడదని ఇక్కడ ఒక లేడీస్ సైకిలు బాడుగకు తీసుకొని కొట్టాలకు పోయినాను. తారు రోడ్డు మీద మర్యాదగానే పోయింది. రాళ్ళదావ మొదలైన చోట బుట్ట ఊడింది. ఇంకాస్త పైకి పోయినాక చైనుకవరు ఊడింది. ఆ పైన నేను సైకిలును తోయలేదు, మోసినాను. బడి చేరేసరికి పదిన్నర. పిల్లలు ఎదురొచ్చి ముందు సైకిలుకు నీళ్ళు తాగించాలా అని అడిగినారు.

ఇక చీర సంగతి. సోమవారం నుంచి పంజాబీ డ్రెస్సు వేసుకుంటాను. నవ్వేవాళ్ళు కడుపారా నవ్వుకోనీ. బడి మూతపడితే వీళ్ళలో ఒక్కరైనా వచ్చి ఏడుస్తారా? నా కాళ్ళు, నా దావ, నా బడి. సైకిలు నువ్వు ఇస్తే నీ దగ్గర, లేకుంటే అనంతపురంలో కొంటాను. వాళ్ళు నన్ను బారు సంగతి అడగరు, టైరు సంగతి చెప్తారు.

ముందర స్ప్రింగులు ఉండేది మంచిదా, లేనిది మంచిదా? అది రాయి.

నీ కూతురులాంటి,
జ్యోతిలక్ష్మి.

తా.క.: ఆ దావలో మోటారుసైకిలు కూడా ఎక్కదని చిన్నమ్మకు చెప్పు. మొగుడొచ్చినా నా వెనక కేరియరు మీదే కూర్చోవాలి.


ధర్మవరం,
9-7-2002.

చి. జ్యోతిలక్ష్మికి ఆశీస్సులు.

మీ నాయన కూడా ఇంతే. కాదంటే అదే కావాలనేవాడు. అనంతపురం అంగడి మాటెత్తినావు చూడు, ఆ పొద్దు నేను అన్నం తినలేదు.

విను. స్ప్రింగులు వద్దు. నీ మూడు వేలలో వచ్చే స్ప్రింగు ఆర్నెల్లకు బిగుసుకుపోతాది, బరువు మాత్రం మిగులుతాది. ముందర గట్టి ఇనుప ఫోర్కుండేది తీసి పెట్టినా. బారుకు అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే రెండంగుళాల సందుండాల. నీది మీ అమ్మ ఎత్తే కాబట్టి చిన్న ఫ్రేము. టైరు నడుమ పట్టీ నున్నగా, పక్కల బొడిపెలుండేది ఏసినా. తారు మీద పట్టీ దొర్లుతాది, రాళ్ళలో బొడిపెలు పట్టుకుంటాయి. తుమ్మముల్లు దిగకుండా పాత ట్యూబు కోసి లోపల పొర పెట్టినా. ఫ్యాక్టరీవాడు కేరియరు, మడ్డుగార్డు ఇయ్యలేదు. వాడెప్పుడూ బడికి పోలేదేమో. అవీ నేనే బిగించినా. ఇరవై తొమ్మిది నూర్లు.

ఆదివారం బస్సు టాపు మీద ఏసుకోని నేనే వస్తాండా. నిన్ను చూసేదానికి కాదు. దించేటప్పుడు బస్సోళ్ళు హ్యాండిలు వంచుతారు.

ఇట్లు,
శ్రీరంగప్ప.

తా.క.: నీ పేరు చెప్పి ఒక లేడీస్ సైకిలు కూడా పక్కన పెట్టినా. ఎవరికీ అమ్మను. నువ్వే అడుగుతావు.


వజ్రకరూరు,
25-7-2002.

చిన్నాయనకు వేయి నమస్కారాలు.

సైకిలు బంగారం. ఇంటి నుంచి బడికి యాభై నిమిషాలు. తారు మీద పెద్ద గేరు, గుట్ట ఎక్కేటప్పుడు చిన్న గేరు. రాళ్ళలో వెన్నెముక లెక్కపెట్టుకోవచ్చు గానీ, మోసే పని లేదు. పిల్లలు పద్దెనిమిది మంది వస్తున్నారు. నా డ్రెస్సు చూసి నవ్వినవాళ్ళు నాలుగో దినానికి అలిసిపోయినారు.

కానీ ఇంకొక తంటా వచ్చి పడింది. తొలకరి పడితే ఈ ఊర్లో సగం మంది తల వంచుకొని చేలల్లో వజ్రాలకు తిరుగుతారని నీకు తెలిసిందే. మొన్న పదహారో తేదీ ఒక వాన పడింది. మళ్ళీ ఇంతవరకు చినుకు లేదు. వేరుశనగ విత్తనం మూటల్లోనే ఉంది, మనుషులందరూ ఖాళీ. నేనేమో సాయంత్రం ఇంటికొచ్చి, టైర్ల బొడిపెల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకుతాను. వాకిలి పాడవుతుందని కింద పళ్ళెం పెడతాను. ఆ పళ్ళెం ఎవరో చూసినారు.

నిన్న టీ హోటలు హనుమంతరాయుడు గొంతు తగ్గించి, "టీచరమ్మా, ఈ పొద్దు ఎన్ని?" అన్నాడు. పిల్లల సంగతేమోనని, "పద్దెనిమిది" అన్నాను. చేతిలో గ్లాసు వదిలేసినాడు. ఈ పొద్దు నా సైకిలు వెనక పదకొండు మంది నడిచి వచ్చినారు.

ఇట్లు,
జ్యోతిలక్ష్మి.

తా.క.: ఆ ఆదివారం ఒంటిగంట బస్సుకని పోయినావు. హనుమంతరాయుడేమో ఏడింటి బస్సెక్కినావంటాడు. అంతసేపు యాడ ఉన్నావు?


ధర్మవరం,
30-7-2002.

చి. జ్యోతిలక్ష్మికి ఆశీస్సులు.

బస్సు తప్పిపోయింది. హోటల్లో టీ తాగినా. అంతే.

వజ్రాల మాట ధర్మవరం దాకా వచ్చేసింది. నిజం చెప్పు, ఏమైనా దొరికిందా? దొరక్కపోతే నేను చెప్పినట్టు చెయ్. హోటలు ముందర నలుగురుండేటప్పుడు నిలబడి, నాకేం దొరకలేదని గట్టిగా అరిచి చెప్పు. మెల్లగా చెప్తే నమ్మరు. మట్టి వాకిట్లో గీకొద్దు, ఇంట్లోకి తీసుకుపోయి తలుపేసుకోని గీకు. చూసేదేం లేకపోతే వాళ్ళే పోతారు. ఇంకో మాట, రోజూ ఒకే గీత మీద పోవద్దు. ఈ పక్క ఒక మూర, ఆ పక్క ఒక మూర జరిగి తొక్కు. టైరు సమంగా అరుగుతాది. ఇది సైకిలోడి మాట.

ఇట్లు,
శ్రీరంగప్ప.

తా.క.: మీ చిన్నమ్మకు నేనేం చెప్పలేదు. అంగడికొచ్చిన వాళ్ళ దగ్గర వినింది. అప్పట్నుంచి కూరలో ఉప్పు మరిచిపోతాండాది.


వజ్రకరూరు,
9-8-2002.

చిన్నాయనకు నమస్కారాలు. నీ సలహాలకు కూడా ఒక పెద్ద నమస్కారం.

హోటలు ముందర నిలబడి, ఊరంతా వినేటట్టు, "నాకు ఒక్క వజ్రం కూడా దొరకలేదు!" అని అరిచినాను. "ఏమీ లేనప్పుడు ఇంత గట్టిగా ఎందుకు అరుస్తాదప్పా?" అన్నాడు హనుమంతరాయుడు. మరుసటి దినం నా వెనక అరవై మంది. తలుపేసుకొని మట్టి గీకితే గోడెక్కి కూర్చున్నారు. పక్కకు జరిగి తొక్కితే, నేను తొక్కిన చోటల్లా వెతుకుతున్నారు. ఇప్పుడు ఉరవకొండ నుంచి జీపుల్లో వస్తున్నారు. రాయి ఎత్తడం, ఎండకు పెట్టి చూడడం, దావ పక్కకు విసరడం. పెద్ద గుండ్లను గడ్డపారలతో దొర్లించి కింద చూస్తున్నారు. గుంత పడితే రేపు నేను పడిపోతానని వాళ్ళే మన్నేసి తొక్కుతున్నారు. నేను తిరగకుంటే వాళ్ళకు దావ తెలియదు కదా!

నిన్న ఆ జనంలో ఇరుక్కొని బడికి పది నిమిషాలు ఆలస్యమైంది. నిన్ననే ఆ అధికారి వచ్చుంటే? నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే వజ్రం పోయిందని ఇంకో జీపు వస్తుంది. ఎవరికోసమూ నేను సైకిలు దిగను చిన్నాయనా. రేపటి నుంచి గంట ముందే బయలుదేరి, బెల్లు కొట్టుకుంటూ జనం మధ్యలోనే పోతాను.

కోపంతో,
జ్యోతిలక్ష్మి.

తా.క.: కొంగు మొహం మీదికి లాక్కొని రాళ్ళేరే ఒకామె నన్ను చూసి గబుక్కున అటు తిరిగింది. వెనక నుంచి అచ్చం చిన్నమ్మ. నా కండ్లకు ఎండ తగిలిందేమో.


(కార్డు)
ధర్మవరం,
13-8-2002.

చి. జ్యోతిలక్ష్మికి ఆశీస్సులు. ఇంకో రెండు వారాలు ఓర్చుకో. అరిచేది మాత్రం ఆపొద్దు.
శ్రీరంగప్ప.

తా.క.: మీ చిన్నమ్మ కొత్తచెరువులో వాళ్ళక్క ఇంట్లో ఉండాది. మీ గుట్ట మీద ఆమెకేం పని?


వజ్రకరూరు,
30-8-2002.

చిన్నాయనకు గెలిచిన జ్యోతిలక్ష్మి నమస్కారాలు!

నిన్న అధికారి వచ్చినాడు. తొమ్మిదీ ఇరవైకి, మోటారుసైకిలు మీద, సరాసరి బడి గుమ్మం దాకా! అప్పటికి నేను వచ్చి అరగంటైంది. ఇరవై ముగ్గురికి ఇరవై ముగ్గురూ కూర్చొని రెండో ఎక్కం అప్పజెప్తున్నారు. ఆయన అంతా చూసి, "ఇంత మంచి దావ పెట్టుకొని పాత అయ్యవార్లు ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు. బడి ఉండాలని, ఇంకో టీచరును కూడా వేయాలని నా ముందరే రాసినాడు.

జనం అలిసిపోయి వెళ్ళిపోయినారు. ఒక్కరికీ ఏమీ దొరకలేదు. కానీ రాళ్ళన్నీ పక్కకు పోయి, ఆ మూడు కిలోమీటర్లు నేల చదునుగా ఉంది. పోయిన వారం కొట్టాలలో ఆంజినమ్మకు నొప్పులొస్తే జీపు ఇంటి దాకా వచ్చింది. ఆడపిల్ల. ఇంతకు ముందు మంచం మీద మోసుకుపోయేవాళ్ళంట.

ఇదంతా నా గేర్ల సైకిలు చలవ. లేడీస్ సైకిలుతో అయ్యుండేదా? "ఓడిపోయినాను" అని ఒక్క ముక్క రాయి చిన్నాయనా. ఫ్రేము కట్టించి బడిలో పెట్టుకుంటాను.

ఇట్లు,
జ్యోతిలక్ష్మి.

తా.క.: ఇప్పుడు గేరు మార్చే పని లేదు. దావంతా ఒకే గేరులో పోతున్నాను. ఈ ముక్క నువ్వు చదవలేదనుకో.


ధర్మవరం,
4-9-2002.

చి. జ్యోతిలక్ష్మికి చిన్నాయన ఆశీర్వదించి రాసేది. ఆ ముక్కే నాలుగుసార్లు చదివినా.

ఓడిపోయినానని రాయమన్నావు. రాయను.

ఆ ఆదివారం నాకు బస్సు తప్పిపోలేదు. నీకు చెప్పకుండా ఆ రాళ్ళదావంతా నడిచి పోయి, నడిచి వచ్చినా. రెండు చోట్ల కాలు మడత పడింది. నిన్ను తలుచుకుంటే నాకు బయమేసింది జ్యోతీ. నా సైకిలు మీద నాకు నమ్మకముండాది గానీ, ఆ గుండ్లలో ఏ సైకిలూ ఏడాది నిలబడదు. రిమ్ము వంగుతాది, ఫోర్కు ఇరుగుతాది. ముందుపోయిన ముగ్గురి మాదిరి నిన్ను కూడా ఆ రాళ్ళే ఎనక్కి పంపుతాయి. దావ బాగుచేయండని కొట్టాలోళ్ళు పదేండ్లు అర్జీలిచ్చినారంట. రండప్పా మనమే ఏసుకుందాం అంటే నలుగురు రాలేదంట.

సరే, బస్సుకింకా టైముండాదని హోటల్లో కూర్చుంటే హనుమంతరాయుడు అడిగినాడు, "ఏమప్పా, మీ పాప టైర్లకు ఆ బొడిపెలు దేనికి?" అని. "చిన్న రాయి తగిలితే పోనీకుండా పట్టుకునేదానికి" అన్నా. అబద్ధం కాదు, బొడిపెల పనే అది. ఆ తర్వాత నాలిక కరుచుకోని, "ఎవరికీ చెప్పొద్దప్పా" అన్నా. నేను చేసింది అంతే. మిగతాదంతా ఆయప్ప చేసినాడు.

ఆ పైన నువ్వు గట్టిగా అరిచినావు కాబట్టి జనం పెరిగినారు. తలుపేసుకున్నావు కాబట్టి నమ్మినారు. ఈ పక్క మూర, ఆ పక్క మూర తొక్కినావు కాబట్టి జీపు పట్టేంత ఎడల్పయింది. టైరు ఎట్ల తొక్కినా అరుగుతాది, పిచ్చిదానా.

నువ్వు దావకు తగిన సైకిలు అడిగినావు. నేను నా లేడీస్ సైకిలుకు తగిన దావ ఏయించినా. ఎవరు గెలిచినారో ఇప్పుడు చెప్పు. వచ్చే ఆదివారం ఆ సైకిలు తెస్తాండా. ఈసారి బుట్టకు రెండు నట్లు ఎక్కువేసినా. గేర్లదీ నీ దగ్గరే ఉండనీ, రెండో టీచరొస్తారు కదా.

ఇట్లు ఓడిపోని,
శ్రీరంగప్ప.

తా.క.: ఈ జాబు చదివి చించేయ్. నువ్వు చూసింది మీ చిన్నమ్మనే. కొత్తచెరువని చెప్పి అయిదు దినాలు ఆడే ఏరింది. ఒక తెల్లరాయి బీరువాలో పట్టుచీరల కింద దాచిపెట్టి, రోజూ తీసి చూసుకుంటాండాది. అది ఉత్త పలుగురాయని నేనైతే చెప్పను. నువ్వంత ధైర్యం గలదానివి కదా, వచ్చి నువ్వే చెప్పు.