గవర్నరు సీలు తెంచిన చెయ్యి

కదిరిలో కాపురముంటున్న కుళ్ళాయప్ప, కీర్తిశేషులు పాపన్న కొడుకు, వయసు అరవై రెండు, పరుసల్లో, అంటే జాతరల్లో, హోటలు నడుపుకొని బతికినవాడు, రాయించిన వీలునామా. నా ఒంట్లో మొరాయిస్తున్నది గుండె ఒక్కటే, బుద్ధి సక్రమంగానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. నా డీజిలు బస్సు ఎవరికి చెందాలో చెప్పాలి. గాడిదకనుమలో దాని ఇంజనుకున్న గవర్నరు సీలు ఎవరు తెంచారో కూడా చెప్పాలి. ఆ రెండో మాట కోసమే ఈ కాగితం రాయిస్తున్నాను.

1. బస్సు వివరం. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన లారీ మీద కట్టించినది. లోపల రెండు పడక బల్లలు, పొయ్యి, గిన్నెల అల్మారా ఉన్నాయి. నేనూ నా భార్య రామక్కా పదకొండేళ్ళు అందులోనే వండి, అందులోనే పడుకొని, పరుస పరుసకూ తిరిగి ఉగ్గాని, బజ్జీలు అమ్మాము. పెట్రోలుకు తాళలేక 1956లో డీజిలు ఇంజను పెట్టించాను. చదును నేల మీద బాగానే పోయేది. ఎక్కుడు కనబడితే మాత్రం ముసలి దున్నపోతే. ఒకటో గేరులో రొప్పుతుంటే పక్కన గొర్రెలు దాటిపోయేవి. "ఎంత కొండైనా ఎక్కుతాది అన్నా" అని ఆ ఇంజను అంటగట్టిన బ్రోకరు నోట్లో మన్ను పడ!

2. మా అన్న కొడుకు ఆంజినప్పకు ఈ బస్సులో ఒక్క నట్టు కూడా చెందదు. కనుమ మధ్యలో దిగి తోయరా అంటే పంచె మాసిపోతుందని లోపలే కూర్చున్న ఘనుడు. ఊరికే కూర్చున్నాడా, నా బజ్జీలు తింటూ కూర్చున్నాడు. వాణ్ణి తలచుకుంటేనే రోత. నేను పోయాక ఏడవడానికి కూడా రానక్కర్లేదు.

3. గాడిదకనుమ పైన గుడిసెలో ఉండే బయమ్మకు నా పెద్ద రాగి కాగు ఇవ్వాలి. ఎక్కిన ప్రతిసారీ మా రేడియేటరు రెండు కడవల నీళ్ళు తాగేది. కరువు రోజులు. "మనుషులకే లేవు, నీ ఇనుముకు పోయల్లా?" అని బావుల దగ్గర తరిమేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. బయమ్మ కూడా తిట్టింది, తిడుతూనే తన కడవ వంచింది.

4. రామక్క తమ్ముడు నాగన్న మా డ్రైవరు. ఇంజనులోకి డీజిలు హద్దు మీరి పోకుండా ఆపే భాగాన్ని గవర్నరు అంటారు. మేస్త్రీ దానికి తీగ చుట్టి సీసపు సీలు వేసి, "గవర్నరు జోలికి పోవద్దప్పా" అని మరీ చెప్పాడు. తూకం రాళ్ళకు సర్కారు ముద్ర వేస్తారే, ఇదీ అలాంటిదే, తెంచితే జరిమానా తప్ప ఇంజనుకేమీ కాదు అనుకోవడం జరిగింది. "గవర్నరు హైదరాబాదులో ఉండాడు, ఈ కనుమలో ఎవురు చూడొచ్చినారు?" అన్న మాటను నాగన్న మాటగా చెప్పుకొని జనం ఇప్పటికీ నవ్వుతారు.

1957 శివరాత్రి పరుసకు పోతూ కనుమ ఎక్కాము. సీలు లేని ఇంజను నల్లగా పొగ కక్కింది. అది బలం కాదు, మండకుండా పోయే డీజిలు. సగం కొండలో ఇంజను పట్టేసింది, బ్రేకు నిలవలేదు. ఎక్కుళ్ళలో చెక్కదిమ్మె పట్టుకొని బస్సు వెనక నడవడం రామక్క పని. ఆమె చక్రం కింద దిమ్మె తోసింది. బస్సు ఆగింది. ఆమె కుడి చేతి నాలుగు వేళ్ళు నలిగిపోయాయి.

5. చేరిన జనానికి, నాగన్న సీలు తెంచాడని చెప్పాను. వాడు నా మొహం చూశాడు, అక్క చెయ్యి చూశాడు, తన తలగుడ్డ విప్పి ఆ చేతికి చుట్టాడు. ఆ తర్వాత వాడికి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. ఏడేళ్ళుగా తాడిపత్రిలో బండలు మోస్తున్నాడు. సీలు తెంచింది నేను. డీజిలు ఎక్కువ పోతే కొండెక్కే బలం వస్తుందని, వాడు నీళ్ళకు పోయినప్పుడు పటకారుతో తెంచి, స్క్రూ తిప్పాను. గవర్నరు మాట అన్నదీ నేనే. బ్రోకరును, ఆంజినప్పను ఇంత తిట్టానే, వాళ్ళిద్దరూ నా కాలిగోటికి చాలరు నీచత్వంలో.

6. బస్సు నాగన్నకు చెందుతుంది. ఇంజను బాగుచేయించాను, నడిపే మొహం లేక నిలిపేశాను. నాగన్నా, కొండ కిందనే గేరు తగ్గించు. పొగ నల్లబడితే కాలు ఎత్తు. ఈ వీలునామా అమలు చేసే తిప్పేస్వామి, ఐదో అంశాన్ని కదిరి లారీ స్టాండులో డ్రైవర్లందరూ వినేలా చదవాలి.

7. రామక్కకు ఇల్లు. నేను పోయేదాకా ఈ కాగితం విప్పరాదని రాయించబోతుంటే ఆమె లోపలినుంచి వచ్చింది.

"సచ్చినాక చదివిస్తావా? అప్పుడు నీ మొకాన వాడెట్ల ఉమ్మల్ల? నీ నోటితో ఎప్పుడు వస్తాదా అని ఏడేండ్లు చూస్తాండా. రేపు తొలి బస్సుకే తాడిపత్రికి పోదాం పా" అంది.

ఆమెకు తెలుసని నాకు తెలియదు. కాబట్టి ఐదో అంశం నా చావు కోసం ఆగదు. రేపు నాగన్న ముందు నేనే చదువుతాను. వాడు ఏమి చేసినా పడతాను.

1964 మార్చి 9, సోమవారం, కదిరి.

(సంతకం) కుళ్ళాయప్ప

సాక్షులు: రామదాసు, గోవిందప్ప
రాసినవాడు: వెంకటప్ప