డీజిల్ బండి వచ్చింది

అక్కా,

నా కోడికాళ్ల రాత చూసి ఎప్పటిలా నవ్వుకో. ఆ తరువాత నవ్వడానికేమీ లేదు. పొలం అమ్మేశాను, ట్రాక్టరూ షెడ్డు వెనక డీజిల్ ట్యాంకూ కలిపి. మీ మరిది వైద్యానికి ఇంకో దారి దొరకలేదు. అంతా నా పేరున ఉంది గనక నా సంతకంతోనే పోయింది. ఆయనకు చెప్పలేదు. నడుము చచ్చుబడి మంచానికి అంటుకుపోయిన మనిషి, రోజూ ఒకటే పాట: "డీజిల్ చెప్పావా? దుక్కులు దగ్గరపడ్డాయే!"

చివరికి తన ఎదుటే డీలర్లకు ఫోను చేయించాడు. ఒకడు మా ట్యాంకు మరీ చిన్నదన్నాడు. ఇంకొకడు వాడి లారీ మా సందులో తిరగదన్నాడు. "నీ నోరు తిరుగుతోందిగా, లారీ అదే తిరుగుతుందిలే" అన్నాను. మీ మరిది నవ్వాడు. మూడోవాడు, మన గుండు బాబాయి, సరేనన్నాడు. చావొచ్చి పడింది. అమ్మిన పొలానికి డీజిల్ ఎవరు పోయిస్తారే?

పెరట్లోకి వెళ్లి మళ్లీ చేశాను. "బాబాయ్, షెడ్డు వెనక బండి నిలిపి పంపు మోటారు తిప్పు చాలు. చుక్క కూడా పొయ్యకు."

"పొయ్యకుండా తిప్పడమేంటమ్మాయ్? ఈసారి ఎవర్ని ఏడిపిద్దామని?"

"ఎవరూ ఏడవకుండా ఉండాలనే."

రేపు వస్తాడు. ఎంతమందిని బోల్తా కొట్టించానో నీకు తెలుసు. ఈసారి మాత్రం సరదా లేదు.

నీ తుంటరి చెల్లెలు

*

అక్కా,

నిన్న బండి వచ్చింది. మోటారు మోగినంతసేపూ ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "నిండిపోయింది, కర్ర దించి చూశాను" అన్నాను.

"ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. "ఇక పొలం అమ్మేసెయ్."

వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

"నేను లేవనని నాకు తెలియదా? ఎండిన ట్యాంకుతో అప్పగిస్తే చితికిపోయి వదిలేశారంటారు. కొన్నవాడు వచ్చిన రోజే ట్రాక్టరెక్కి దున్నుకోవాలి. అందుకే నీ ప్రాణం తీశాను. నిండిందిగా, ఇక దిగుల్లేదు."

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. బండి మలుపు దాకా పోయింది.

"వెనక్కి తిప్పు బాబాయ్!"

"మళ్లీ ఉత్తి మోటారేనా?"

"కాదు. పొయ్యి. మూతిదాకా పొయ్యి."

"పొలం అమ్మేశావని ఊరంతా అంటున్నారు. ఎవరి కోసమే ఇది?"

"నీ అల్లుడి కోసం."

ఇంకేమీ అడగలేదు, గొట్టం లాగాడు. రెండోసారి మోటారు మోగేసరికి లోపల్నుంచి కేక: "మళ్లీ ఏంటే?"

"ఇందాక కాస్త తగ్గిందట! బాబాయి నింపుతున్నాడు!"

అమ్మేశానని ఇంకా చెప్పలేదక్కా. పొద్దుటి నుంచి దగ్గర కూర్చోబెట్టుకుని, కొనేవాడు వస్తే ఎలా మాట్లాడాలో, ఎక్కడ బిగపట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పుతున్నాడు. నేను బుద్ధిగా తలూపుతున్నాను.

నీ చెల్లెలు