పరిశీలనలో ఉన్న గోడ

పట్టణ భవన విభాగము ముఖ్య ఇంజనీరు గారి సముఖమునకు,

వీధి మలుపులో దర్జీ దుకాణము నడుపుకొనుచు, ఆ దుకాణము వెనుకనే కాపురముండు గృహస్థుడు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఇంటి కింది గది కాంక్రీటు గోడకు పడిన పగుళ్లు – వాటిని బాగుచేసుకొననీయక తమ కార్యాలయము వారు జరుపుచున్న పరిశీలన – సదరు పరిశీలన నుండి విముక్తి కోరుట – గురించి.

అయ్యా,

తమరు పనుల్లో తలమునకలై ఉంటారని తెలిసి కూడా ఇది వ్రాయుచున్నాను. తమ గది బయట బల్ల మీద కూర్చుని తమ పనుల చప్పుడు చాలాసార్లు విన్నాను. అందులో ఎక్కువ భాగం ఫ్యానుదే. అయినను ఈ దిగువ అంశములు తమ దృష్టికి తెచ్చుట నా విధి.

1. మా ఇల్లు వాలు మీద కట్టినది. వీధిలోంచి చూస్తే ఒక అంతస్తు, పెరట్లోంచి చూస్తే రెండు. వీధి వైపు మట్టిలో దిగబడి ఉన్న కింది గదిలో మా అక్క ఉంటుంది. ఆవిడకు మోకాళ్లు వంగవు, మెట్లు ఎక్కలేదు. ఆ గది తలుపు పెరటి నేలకు సమంగా తెరుచుకుంటుంది గనుక, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ బయటికి వెళ్లి రాగల చోటు ఇంట్లో అదొక్కటే. నన్ను పెంచింది, సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. ఇప్పటికీ మా దుకాణంలో కాజాలు కుట్టేది ఆవిడే. ఆవిడ మంచం, చేత్తో తిప్పే కుట్టుమిషను రెండూ ఆ వీధి వైపు గోడకే ఆనించి ఉన్నాయి. ఈ అర్జీలో అసలు సంగతి ఇదే. తక్కినదంతా తమ కార్యాలయము వారు మాకు కలిగించిన వినోదము.

2. తమ విభాగము వారు మా గోడ వెంబడి వాన నీటి కాలువ వేయించినారు. అతుకులు సరిగా వేయనందున, నీరు కాలువలో కంటె కాలువ బయటనే ఎక్కువగా ప్రవహించుచున్నది. నానిన మట్టి గోడను లోపలికి నెట్టుచున్నది. మొదట పడినది వెంట్రుకంత గీత. దర్జీని గనుక పగులును నాకు తెలిసిన కొలతల్లో చెప్తాను: కొన్నాళ్లకు అందులో సూది దూరింది, తర్వాత కత్తెర మొన దూరింది, ఇప్పుడు కోటు గుండీ నిలువుగా దూరుతోంది. ఈ అర్జీకి సమాధానం వచ్చేసరికి కోటే దూరుతుందేమో చెప్పలేను.

3. మేస్త్రీని పిలిపించాను. అతను గోడ తట్టి చూసి, "బయట కాలువ అతుకు మూయించండి. లోపల నేను ఉలితో పగులు తెరిచి సిమెంటు పాలు ఎక్కిస్తాను. పెద్ద పనేం కాదు" అన్నాడు. కాలువ తమది గనుక తమ కార్యాలయానికి తెలియజేసుకున్నాను. అలా తెలియజేయకుండా వాళ్ల గోడ పక్కన అతుకు దొంగచాటుగా మూసేసుకున్న మా పక్కింటివాళ్లు హాయిగా ఉన్నారు.

4. తమ చిన్న ఇంజనీరు గారు దయచేసినారు. పగులుకు అడ్డంగా ఒక సన్నటి గాజు పట్టీ పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించారు. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుందట, అప్పుడు కాలువ తమరే బాగుచేయిస్తారట. పగలకపోతే కదలిక ఆగినట్టట, అప్పుడు పగులు మేం పూడ్చుకోవచ్చట. మాకు సబబుగానే తోచింది. గాజు పక్కన ఒక కాగితం కూడా అంటించారు: "పరిశీలనలో ఉన్నది. నివేదిక వచ్చువరకు ఎవరూ ముట్టరాదు, కదపరాదు." మేస్త్రీ ఆ కాగితం చదువుకుని ఉలి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

5. గాజు పగిలింది. కాలువకు మంచి రోజులు వచ్చాయనుకుని కబురు పెట్టాను. చిన్న ఇంజనీరు గారు వచ్చి గాజు ముక్కల వంక దిగులుగా చూశారు. అప్పుడు జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు మనవి చేస్తున్నాను.

"ఎవరు పగలగొట్టారు?"

"గోడ" అంది అక్క.

"సరిగ్గా చెప్పండమ్మా. ఇది ఆఫీసు వస్తువు."

"పగలాలనే కదా నాయనా పెట్టావు?"

"పెట్టింది పరిశీలన కోసమమ్మా. మాటిమాటికీ పగిలిపోతుంటే పరిశీలన ఎలా సాగుతుంది?"

ఇలా అని, ఈసారి మందం గాజు పెట్టి వెళ్లారు. పట్టీ దెబ్బతిన్నందున పరిశీలన మళ్లీ మొదటి నుంచి లెక్క అన్నారు. అదీ పగిలింది. దుకాణాల షోకేసులకు వాడే గాజు తెచ్చారు. అదీ పగిలింది. వచ్చిన ప్రతిసారీ ఆయన గాజునే తిట్టారు తప్ప గోడను ఒక్క మాట అనలేదు. అంత మర్యాదస్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

6. చివరిసారి ఆయన మొహం వెలిగిపోతూ వచ్చారు. సంచిలోంచి ఇనుప పట్టీ తీశారు.

"ఇదెప్పుడు పగులుతుంది నాయనా?" అని అడిగింది అక్క.

"పగలదమ్మా. అందుకేగా వెతికి వెతికి తెచ్చాను."

అక్క నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. ఆయన పట్టీ అతికించి, కాగితం నలిగిపోయిందని కొత్తది అంటించి, తడవకుండా దాని మీద ప్లాస్టిక్ తొడుగు కూడా వేశారు. ఆ గదిలో తడవకుండా తమ విభాగము వారు కాపాడినది ఆ కాగితమొక్కటే.

7. తదుపరి తమ సంతకముతో మధ్యంతర నివేదిక అందినది. "పట్టీ పగలనందున గోడయందు కదలిక లేదని నిర్ధారణ అయినది. వానాకాలము కూడా గమనించిన మీదట తుది నివేదిక ఈయబడును. అంతవరకు మరమ్మతులు నిషిద్ధము" అని అందులో ఉన్నది. నివేదిక పట్టుకుని తమ వద్దకే వచ్చాను. తమరు టీ తాగుతున్నారు.

"పట్టీ పగిలిందా?" అన్నారు.

"లేదండీ. అది ఇనుము."

"మరింకేం?" అన్నారు తమరు.

ఇంత చదువు చదివినవారికి ఇంతకంటె విడమరిచి ఎలా చెప్పాలో తెలియక ఇంటికి వచ్చేశాను.

8. అక్కను పైకి మార్చరాదా అని తమ గుమాస్తా సలహా ఇచ్చారు. ఆ మాట నేను ముందే అడిగాను. "పైకి మోసుకెళ్తే నేను మీకో మూటనవుతాను. పెరట్లోకి వెళ్లాలన్నా ఎవరో ఒకరు దించాలి. ఇక్కడైతే మనిషిని" అంది. దానికి జవాబు తమ దగ్గర ఉంటే నివేదికలో చేర్చగలరు.

9. నేను పైన బట్ట కత్తిరిస్తూ కింద మిషను చప్పుడు వింటూ ఉంటాను. అది ఆగితే నా కత్తెరా ఆగుతుంది. దిగి చూస్తే దారం తెగి ఉంటుంది, అంతే. అయినా ప్రతిసారీ దిగుతాను. నాకు భయంగా ఉందండీ. తమ భాషలో ఈ మాట ఎలా రాస్తారో తెలియక మామూలుగా రాసేశాను.

కావున తమరు దయతలచి, సదరు కాలువ అతుకు తక్షణమే మూయించి, సదరు కాగితమును తొలగించి, మా మేస్త్రీని తన పని తాను చేసుకొననిచ్చి, చిన్న ఇంజనీరు గారి పరిశీలనకు వేరే ఏదైనా కదలిక లేని దానిని అప్పగింప ప్రార్థన. అటువంటి వాటికి తమ కార్యాలయములో కొరత లేదు.

ఈ నా మొరను, టీ ముగిసిన పిమ్మటనైనా, చిత్తగించవలెను.

ఇట్లు,
గోడ నిలిచి ఉన్నంతవరకు తమ విధేయుడు,
వీధి మలుపు దర్జీ

తా.క. కవరు అంటించేలోపే గోడ పడింది.

వారమంతా ముసురు పట్టి, మధ్యాహ్నం కాస్త తెరిపి ఇస్తే అక్క పెరట్లో బట్టలు ఆరేసింది. మళ్లీ చినుకులు పడేసరికి వాటిని తీయడానికి వెళ్లింది. అందుకని బతికి ఉంది. మంచం మీద సగం దాకా మట్టి ఉంది. కుట్టుమిషను ఎక్కడుందో కనిపించడం లేదు. అక్క తడి బట్టలు చేతిలో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నేను వెళ్లి పట్టుకుంటే అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడడం నాకిదే మొదటిసారి.

ఇనుప పట్టీ పగలలేదు. తమ నివేదిక ప్రకారం కదలిక ఇప్పటికీ లేదు. గోడ లేదు గనుక పైన సంతకం దగ్గర రాసిన మాట మాత్రం ఇక చెల్లదు.

మేమూ మేస్త్రీ కలిసి మంచం బయటికి లాగాం. తొడుగులో ఉన్న కాగితం చెక్కుచెదరలేదు. కాస్త తేరుకున్నాక అక్క దాన్ని తనే తుడిచి మంచం కోడుకు దారంతో కట్టుకుంది. రేపు పొద్దున్నే మంచాన్నీ అక్కనూ బండి మీద తెచ్చి తమ కార్యాలయం వరండాలో, తమ గది తలుపుకు ఎదురుగా దింపుతున్నాను. అక్కడ మెట్లు లేవని ఇన్నాళ్లూ తిరిగాను గనుక నాకు తెలుసు. ఆవిడ అక్కడే కాజాలు కుట్టుకుంటుంది. లేపాలని ఎవరైనా దగ్గరికి వస్తే ముందు మంచం కోడు మీది కాగితం చదవాలి. తుది నివేదిక వచ్చేదాకా ముట్టరాదు, కదపరాదు.