ఎవరికీ చెప్పొద్దన్న పిన్

నరసరావుపేట, బుధవారం

అమ్మా,

పోస్టు కార్డు వచ్చిందంటే చావు కబురేనని హడలిపోకు, నేను కులాసా. నీ నమ్మకానికి నాలుగు మూలలా పసుపు కూడా రాశాను చూడు.

ఇది నా క్లాసు పని. యూనివర్సిటీలో మొదటి ఏడాది ఇంజినీరింగు పిల్లలకు నేను చెప్పే సాహిత్యం, చరిత్ర తప్పనిసరి కదా, "ఇయి మాకెందుకు మేడం?" అని రోజూ మూతులు ముడుస్తారు. ఇవాళ తలా ఒక కార్డిచ్చి ఇంటికి రాయమన్నాను. అందరూ రాశారు గానీ ముప్పాళ్ళ అమ్మాయి నాగవేణి మాత్రం అడ్రసు కింద పిన్ గళ్ళను చేత్తో మూసుకుని కూర్చుంది.

"పిన్ ఎవరికీ చెప్పొద్దని మా నాయన ఒట్టేయించుకున్నాడు మేడం. దీని మీద రాస్తే దోవన పోయేవోళ్ళందరూ చూడరా ఏంది?" అంది.

ఫోన్లో డబ్బులు పంపే పిన్ అనుకుంది! అదీ ఆరంకెలే మరి. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఇది ఊరి నంబరని చెప్పి నా కార్డు మీద రాసి చూపించబోతే, మన మాచర్లది నాకే గుర్తు రాలేదు.

"మేడం కూడా దాస్తన్నారే!" అంది నాగవేణి.

మన ఇంటికి దోవ తెలుసు గానీ, ఎన్నడూ ఉత్తరం రాసిన పాపాన పోలేదు కదమ్మా. బెల్లు కొట్టినా ఇవాళ ఒక్కరూ లేవలేదు.

నాన్న మోకాలు ఎట్లా ఉంది? మిరపకాయలు ఎండాయా? ఆదెయ్య బాబాయి ఇటొస్తే నా రగ్గు పంపు.

ఇళ్ళ నుంచి జవాబులు రాకపోతే ఈ పాఠం దండగని నా క్లాసు గంట కంప్యూటరు వాళ్ళకిచ్చేస్తారట. ఫోన్ చేసి "అందిందిలేవే" అంటే కుదరదు, కార్డే రాయి. పసుపు మాత్రం మరిచిపోకు. నేనూ నీ కూతుర్నే, హడలిపోతాను.

ఇద్దరికీ దణ్ణాలతో,
అపర్ణ