అభ్యంతరాలేమైనా ఉన్నాయా?

అక్కా,

నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో చెబితే సగంలోనే తిట్లు లంకించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. ఆరేళ్లు వైస్ ఛాన్సలర్‌గా వెలగబెట్టిన నీ చెల్లెలు, పదవీకాలం అయిపోయి, సోమవారం నుంచి మళ్లీ మామూలు లెక్కల ప్రొఫెసరు. మెట్ల కింద గది ఇచ్చారు. బల్లకు ఒక కాలు పొట్టి, మోచెయ్యి ఆనిస్తే చాలు ఊగుతుంది. ఎదురుపడ్డవాళ్లంతా "అయ్యో మేడమ్, మీరిక్కడా!" అంటూ జాలిపడుతున్నారు. నా బాధ అది కాదే. మొదటి క్లాసులో ఆరేళ్ల తర్వాత సుద్దముక్క పట్టుకున్నాను. పాఠం అయ్యాక మీటింగుల అలవాటుకొద్దీ, "అభ్యంతరాలేమైనా ఉన్నాయా? లేవు కాబట్టి ఆమోదించినట్టే" అనేశాను. పిల్లలంతా గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నీతో తప్ప ఎవరితోనూ అనలేదు. ముందే రిటైరవుతానని ఉత్తరం టైపు చేసి సంచిలో పెట్టుకున్నాను. శుక్రవారం ఇచ్చేస్తాను. బావగారికి చెప్పకు.

నీ తోక

---

అక్కోయ్,

ఇవ్వలేదు! గురువారం క్లాసు చివర మళ్లీ నోరు జారింది. "అభ్యంతరాలేమైనా..." అంటుండగానే వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"ఉంది మేడమ్. మూడో లైన్లో మైనస్ మింగేశారు."

చూస్తే నిజమే. ఆరేళ్లలో ఎన్ని మీటింగుల్లో అడిగానో ఆ మాట! ఒక్కరూ నోరెత్తలేదు. నేను తప్పే చెయ్యననుకున్నాను, చూడు నా వెర్రి. ఆ పిల్లను నా గదికి రమ్మన్నాను. సంచిలో చేతికి దొరికిన కాగితం వెనక ఇద్దరం లెక్క మొదటి నుంచీ చేశాం. నేను చెప్పినదానికన్నా చిన్న దారి ఆ పిల్లకే తట్టింది. టీలు చల్లారిపోయాయి. ఎన్నాళ్లకు అంత సంతోషపడ్డానో, అక్కా! "ఇది నేనుంచుకుంటా మేడమ్" అని కాగితం పట్టుకుపోయింది. ఇంటికొచ్చి సంచి వెతికాక గానీ తెలియలేదు. అది నా రిటైర్మెంటు ఉత్తరం.

పొద్దున గదికి వెళ్తే తలుపు కింద ఉంది. "ఇకపై నా బోధన వల్ల విద్యార్థులకు ప్రయోజనం ఉండదు" అని రాసుకున్నాను కదా, దాని కింద ఎర్ర గీత. పక్కన ఇలా రాసింది: "ఇక్కడా మూడో లైన్లోనే తప్పు మేడమ్. అభ్యంతరం ఉంది."

చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఆ అభ్యంతరాన్ని చర్చ లేకుండా ఆమోదించాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల పొట్టికాలి కింద దూర్చాను. ఈ ఉత్తరం ఆ బల్ల మీదే రాస్తున్నాను. ఊగడం లేదు.

ఇక బావగారికి చెప్పెయ్.

నీ తోక