వెనక రింగు, మూడు గాట్లు

బోడో, సెప్టెంబర్ 3

అన్నయ్యా,

ఈ సంగతి ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నంబరు కలిపాను. నీ గొంతు వినగానే ధైర్యం చాలక వానల గురించి వాగి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. చదివాక ఎంతైనా తిట్టు, పడతాను.

నిరుడు ఎల్క్ దుప్పుల వేట సోమవారం మొదలైతే, ముందటి శనివారం క్లబ్బు పోటీకి నీ పాత క్రాగ్ తుపాకీ అడిగి తీసుకెళ్ళాను, గుర్తుందా? పోటీ రెండొందల మీటర్లది. ఆ దూరానికి సరిపడా, గురి చూసే వెనక రింగు మూడు గాట్లు పైకి తిప్పుకున్నాను. అయిపోయాక కిందకి దించి ఇవ్వాలి కదా. కాఫీ దగ్గర కబుర్లలో పడి మర్చిపోయాను. ఇంత వయసొచ్చి, ముప్పై ఏళ్ళుగా తుపాకీ పడుతూ చేసిన నిర్వాకం అది. శుభ్రంగా తుడిచి మరీ నీ బీరువాలో పెట్టాను.

సోమవారం తెల్లవారుజామున నీ తూటా తగిలి కూడా ఆ ఆడ ఎల్క్ లేచి వెళ్ళిపోయింది. మన జట్టు ఒట్టార్ తన కుక్కతో మూడు రోజులు వెతికితే గానీ దొరకలేదు. దొరికేసరికి అది ఇంకా బతికే ఉందని ఒట్టార్ చెప్పినప్పుడు నువ్వు టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, "నా చేతగానితనం" అన్నావు. నేను నీ పక్క బల్ల మీదే కూర్చున్నాను. రింగు సంగతి అప్పుడే తట్టింది. నోరు మెదపలేదు. భయపడ్డాను అన్నయ్యా, వేరే కారణం ఏమీ లేదు.

ఈ ఏడు నువ్వు వేటకి రానన్నావని వదిన చెప్పింది. ఆ రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు. వచ్చే వారం గురువారం జట్టు సమావేశానికి రెండాలెన్ వస్తున్నాను. అందరి ముందూ చెప్పేసి, జట్టులో నా చోటు వదిలేస్తాను. నువ్వు నీ చోటుకి రా.

నీ చెల్లెలు,
తోరున్

•

రెండాలెన్, సెప్టెంబర్ 8

ఒసేయ్ తోరున్,

రాత మీ వదినది, మాటలు నావి. నేను ఆగిన చోటల్లా ఆవిడ "ఊఁ, తర్వాత?" అంటోంది, పోలీసు వాంగ్మూలం తీసుకుంటున్నట్టు.

తప్పు నెత్తిన వేసుకునే తొందరలో పైకీ కిందకీ తేడా మర్చిపోయావా? వెనక రింగు పైకి లేపితే తూటా పైకి పోతుంది. నేను గుండెకి గురిపెట్టి ఉంటే, నీ మూడు గాట్లకి ఓ బెత్తెడు పైన తగిలి ఊపిరితిత్తుల్లో దిగేది. అది అక్కడే కూలేది. తగిలింది ముందుకాలి మోకాలి కింద. ఒట్టార్‌కి తెలుసు, నాకు తెలుసు. నీకెవరూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు.

రింగులోంచి చూస్తే గొట్టం కొసన ఉండే ముందు పుల్ల దానంతటదే మధ్యకి వచ్చి నిలబడుతుందని, తుపాకీకి దుర్భిణీ బిగించుకున్నవాళ్ళని నేను ఎంత వెక్కిరించేవాణ్ణి! మూడేళ్ళుగా నాకు ఆ పుల్ల కనబడటం లేదు. పోటీల్లో వాడే సన్నబెజ్జం బిళ్ళ రింగుకి బిగిస్తే మాత్రం, ఎండలో, కాస్త తేటగా కనబడేది. అడవిలో ఎవరైనా ముందు ఆ బిళ్ళ విప్పి జేబులో వేసుకుంటారు, మసక వెలుతురులో అందులోంచి ఏమీ కనబడదు కాబట్టి. నువ్వూ విప్పే ఇచ్చావు. ఆ తెల్లవారుజామున నేను మళ్ళీ బిగించాను. అది లేకపోతే పుల్ల లేదు, ఉంటే ఎల్క్ లేదు. నల్లగా ఏదో కదిలింది. కాల్చాను.

ఇంతటితో అయిపోలేదు. ఏటా మీ అందరికీ కాల్పుల పరీక్ష పెట్టి కార్డుల మీద సంతకం చేసేది నేనే కదా. నిరుడు ఒక్కణ్ణే మైదానానికి వెళ్ళి నా ఐదు తూటాలూ కాల్చుకున్నాను. ఐదూ బొమ్మలో పడితేనే వేటకి అనుమతి. పడ్డవి రెండు. ఐదూ పడ్డాయని నా కార్డు మీద నేనే సంతకం పెట్టుకున్నాను. సిగ్గుగా ఉంది. ఆ సంతకం పెట్టకపోతే ఆ జంతువు మూడు రోజులు మూడు కాళ్ళ మీద నడిచేది కాదు.

నిన్న ఒట్టార్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. వాడు కుక్క చెవులు నిమురుతూ అడిగాడు.

"ఇంకెవరి కార్డు మీదైనా ఇలాగే పెట్టావా?"

"లేదురా. నాది ఒక్కటే."

"జట్టుకి నువ్వే చెప్పాలి, ఐవిన్. నీ బదులు నేను చెప్పను."

చెబుతాను. గురువారం ముందు నేను లేచి మాట్లాడతాను. నీ మూడు గాట్ల సంగతి ఆ తర్వాత చెప్పుకో, కావాలంటే. మర్చిపోవడం తప్పే, దానికి నాలుగు చివాట్లు తిను. చోటు మాత్రం వదలకు. వదలాల్సింది నేను.

నీ అన్నయ్య,
ఐవిన్

తోరున్, ఇది మీ వదినగా నా మాట. రోజూ పొద్దున్నే పేపరు ముందేసుకుని పేజీలు తిప్పుతుంటే చదువుతున్నాడనే అనుకున్నాను. "ఏంటి విశేషాలు?" అంటే "ఏముంటాయి, అవే గొడవలు" అనేవాడు. మొన్న నీ ఉత్తరం వస్తే కవరు చింపి, కాగితం కిటికీ దగ్గర పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా చేతికిచ్చి, "బోర్గిల్, చదివి పెట్టవే" అన్నాడు. నలభై ఏళ్ళలో నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.