తేలిక కత్తే తీసుకో

చిన్నోడా, నేను పనికి వెళ్తున్నా. బల్ల మీద రెండు మడత కత్తులున్నాయి. పడవెక్కే ముందు నల్లపిడి కత్తి జేబులో వేసుకో. ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, బరువే తెలీదు. రెండోది నీ స్నేహితుల ముందు గొప్పలు పోడానికి బాగుంటుంది గానీ, బరువని నాలుగో రోజే ఇంట్లో పడేస్తావు. దాన్ని కొట్లో తిరిగిచ్చేస్తాను.

వలతాడు కాలికి చుట్టుకుని మీ నాన్నను నీళ్ళలోకి లాక్కెళ్ళిన రోజు, ఆయన కత్తి మన సొరుగులోనే ఉంది. ఇప్పటికీ పొద్దున్నే అది టక్కున తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది. వెళ్ళి చూస్తే మడిచినట్టే ఉంటుంది.

ఇంకోమాట. "జేబులు కుట్టలేక చస్తున్నా, ఆ బరువు ఇంట్లో పారేసి వెళ్ళండి" అని ఆ పొద్దున అన్నది నేనేరా. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేకపోయాను.

అమ్మ